ఒకే తల్లి పిల్లలు, ఒకే స్కూలు. రంగుని బట్టి శిక్ష మారుతుందా?

షార్లెట్_శ్రీను అడిగారు:

మేం నార్త్ కరోలినాలో, షార్లెట్‌లో ఉంటాం. మా పక్క టౌన్‌హోమ్‌లో ఒక నల్లజాతి కుటుంబం ఉంది. ఆవిడ ఆడిటర్, ఆయన ట్రక్ నడుపుతాడు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. ఇద్దరు ఆడపిల్లలు, ఒకే మిడిల్ స్కూల్. పెద్దమ్మాయి తండ్రి పోలిక, బాగా ముదురు నలుపు. చిన్నమ్మాయి తల్లి పోలిక, మన లెక్కలో అయితే చామనఛాయ కూడా కాదు, గోధుమరంగు. మా అమ్మాయి కూడా అదే బస్సెక్కుతుంది కాబట్టి రోజూ పలకరింపులుంటాయి.

మొన్న బస్‌స్టాప్‌లో ఆవిడ ముఖం బాగా డల్‌గా ఉంది. ఏమైందంటే చెప్పింది. క్లాసులో ఫోన్ తీసినందుకు, టీచర్ అడిగితే "నేనేం చేశానిప్పుడు" అన్నందుకు పెద్దమ్మాయిని సస్పెండ్ చేశారట. పోయిన ఏడాది చిన్నమ్మాయి అచ్చం ఇదే పని చేస్తే ఇంటికి ఒక మెయిల్ వచ్చింది, అంతే. ఫోన్‌లో రెండూ చూపించింది. పెద్దదాని కాగితంలో ధిక్కారం, దూకుడు అని రాసి ఉంది. చిన్నదాని మెయిల్‌లో "ఈ రోజు కాస్త చిరాగ్గా ఉన్నట్టుంది, ఇంట్లో అంతా బాగేనా?" అని అడిగారు.

"పెద్దది డార్క్ కదా, దానికి మొదటినుంచీ ఇంతే" అని బస్సు రాగానే చెయ్యూపి వెళ్లిపోయింది.

నాకు అంతు చిక్కనిది ఇదే. టీచర్ కంటికి ఇద్దరూ నల్లపిల్లలే కదా? వివక్ష ఉంటే ఇద్దరి మీదా ఉండాలి. ఒకే అమ్మానాన్నలు, ఒకే ఇంటిపేరు, ఒకే అడ్రసు. బాధలో అన్న మాటా, లేక నిజంగానే ఇలా జరుగుతుందా? మన దగ్గర పెళ్లిచూపుల్లో రంగు చూస్తారని తెలుసు, మా చెల్లి విషయంలో పడ్డాం కూడా. కానీ శిక్షల దాకా వెళ్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టుకోవడాలు వద్దు ప్లీజ్.

డాలస్_బాబ్జీ:

బ్రో, ప్రతిదానికీ రంగు అంటగడితే ఎలా? టీచర్ మారి ఉండొచ్చు, పెద్దమ్మాయికి పాత రికార్డు ఉండొచ్చు. మా వాడినీ ఒకసారి సస్పెండ్ చేశారు, వాడేం నల్లజాతి కాదే. పైగా లైట్‌స్కిన్, డార్క్‌స్కిన్ అని వాళ్లలో వాళ్లే జోకులేసుకుంటారు, రీల్స్ నిండా అవే. మధ్యలో మనకెందుకు?

అట్లాంటా_పద్మ:

బాబ్జీ గారూ, ఆ ఒక్క సంఘటన మటుకు మీరన్నట్టే అయ్యుండొచ్చు. ఆ టీచర్ మనసులో ఏముందో ఇక్కడ కూర్చున్న ఎవరికీ తెలీదు. కానీ శ్రీను గారు అడిగింది అసలు ఇలా జరుగుతుందా అని. జరుగుతుంది. వేలమంది పిల్లల వివరాలు పక్కపక్కన పెట్టి లెక్క తీసినవాళ్లున్నారు.

నేను రెస్పిరేటరీ థెరపిస్ట్‌ని. ఊపిరాడని రోగుల దగ్గర పని. మా డిపార్ట్‌మెంట్‌లో సగానికి పైగా నల్లజాతివాళ్లే. వాళ్ల దగ్గర విన్నదీ నేను చదివిందీ కలిపి చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు స్కూలు సంగతి. 2013లో లాన్స్ హానన్, రాబర్ట్ డిఫినా, సారా బ్రుక్ అనే ముగ్గురు ఒక పరిశోధన అచ్చు వేశారు. నల్లజాతి పిల్లల్లోనే రంగుని బట్టి సస్పెన్షన్లు ఎలా మారుతున్నాయో చూశారు. తల్లిదండ్రుల ఆర్థిక స్థితి, పిల్లల మార్కులు, వాళ్లు చేసిన అల్లరి అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా మిగిలింది. బాగా ముదురు రంగు అమ్మాయిలు సస్పెండయ్యే అవకాశం, బాగా లేత రంగు అమ్మాయిలతో పోలిస్తే దాదాపు 3 రెట్లు తేలింది. మగపిల్లల్లో కంటే ఆడపిల్లల్లోనే ఈ తేడా ఎక్కువ. అంటే మీ పొరుగావిడ తన ఇంట్లో చూస్తున్నదే వీళ్లకు దేశమంతటి డేటాలో కనిపించింది.

ఇందులో ఇద్దరు, మరో సహపరిశోధకురాలితో కలిసి, అంతకు రెండేళ్ల ముందు మీ నార్త్ కరోలినాలోనే ఇంకో లెక్క తీశారు. అక్కడి జైళ్లలోకి ఎవరినైనా తీసుకొచ్చినప్పుడు ఎత్తు, బరువు రాసుకున్నట్టే ఒంటి రంగు కూడా రాసుకుంటారు. ఆ రికార్డుల్లోంచి 1995 నుంచి 2009 దాకా జైలుకెళ్లిన 12,158 మంది నల్లజాతి ఆడవాళ్ల వివరాలు తీసుకున్నారు. నేరం ఏంటి, పాత కేసులున్నాయా, అవన్నీ సరిచూశాక, లేత రంగు అని నమోదైన వాళ్లకి పడిన శిక్ష సుమారు 12 శాతం తక్కువ. వీళ్లంతా నల్లజాతి ఆడవాళ్లేనని మర్చిపోకండి. తెల్లవాళ్లతో పోలిక ఇందులో లేనే లేదు.

జీతాల్లోనూ అంతే. ఆర్థర్ గోల్డ్‌స్మిత్, డారిక్ హామిల్టన్, విలియం డారిటీ అనే ఆర్థికవేత్తలు 2007లో చూపించారు: లేత రంగు నల్లజాతి మగవాళ్ల జీతాలు తెల్లవాళ్ల జీతాలకు దగ్గరగా ఉన్నాయి, రంగు ముదిరేకొద్దీ దూరం పెరిగింది.

"వాళ్లలో వాళ్లే" అన్నారు కదా. వాళ్లలో ఉంది, కాదనను. కానీ అది ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. 1662లో వర్జీనియాలో ఒక చట్టం చేశారు: తల్లి బానిస అయితే బిడ్డా బానిసే, తండ్రి ఎవరైనా సరే. దాంతో యజమానులు తమ ఇళ్లలోని బానిస ఆడవాళ్లని చెరిచి కన్న పిల్లలు, సొంత పిల్లలే, వాళ్ల ఆస్తిగా మిగిలారు. అలాంటి పిల్లల్లో కొందరిని తండ్రులు బానిసత్వం నుంచి విడిపించారు, ఏదో ఒక పని నేర్పించారు, కొందరికి నాలుగు ఎకరాలు రాశారు. ఎక్కువమందికి అదేమీ లేదు, అది వేరే సంగతి. బానిసత్వం పోయేనాటికి చేతిలో చదువో భూమో ఉన్న నల్లజాతివాళ్లలో లేత రంగువాళ్లే ఎక్కువ కనిపించడానికి కారణం ఇది. ఆ తర్వాత ఉద్యోగాలిచ్చిన తెల్లవాళ్లు కూడా వాళ్లనే ముందు పిలిచారు. ఒకసారి మొదలైన తేడా తరాల తరబడి కూడబెట్టుకుంటూ పోయింది.

శ్రీను గారూ, చార్ల్స్‌టన్ మీకు మూడు మూడున్నర గంటల డ్రైవ్. బీచ్‌కి వెళ్తూనే ఉంటారనుకుంటాను. 1790లో అక్కడ స్వేచ్ఛ పొందిన కొందరు లేత రంగు మగవాళ్లు బ్రౌన్ ఫెలోషిప్ సొసైటీ అని ఒకటి పెట్టుకున్నారు. 50 మందికి మించి సభ్యులు ఉండకూడదు. వాళ్లు వెళ్లే తెల్లవాళ్ల చర్చిలో ప్రార్థనకి రానిచ్చేవారు గానీ, చచ్చిపోతే ఆ చర్చి శ్మశానంలో చోటిచ్చేవారు కాదు. అందుకని సొంతంగా స్థలం కొనుక్కున్నారు. సరే, బాగానే ఉంది. మరి ముదురు రంగువాళ్లు వచ్చి మమ్మల్నీ చేర్చుకోండి అంటే? చేర్చుకోలేదు. 1843లో థామస్ స్మాల్స్ అనే ఆయన ముందుండి ముదురు రంగువాళ్లకి వేరే సంఘం పెట్టాడు. దానికీ ఒక శ్మశానం, ఆ మొదటిదాని పక్కనే. మన ఊళ్లలో కులానికో శ్మశానం ఉన్నట్టే, అక్కడ రంగుకో శ్మశానం. ఇది చదివిన రోజు మా ఊరి చెరువుగట్టు గుర్తొచ్చింది, ఇంక అంతకంటే రాయను.

ఇప్పుడు నా పని సంగతి. మనసులో ద్వేషం ఉంటేనే రంగు తేడా వస్తుందనుకునేవాళ్లు ఇది చదవండి. 2021లో సెకండ్ వేవ్ అప్పుడు మన ఊళ్లో ప్రతి ఇంట్లోనూ వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ కొన్నారు, గుర్తుందా? 94 కంటే తగ్గితే ఆస్పత్రికి అనేవారు. అది వేలిలోంచి ఎర్ర కాంతి, ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి, ఎంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ లెక్క కడుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది. యంత్రం తయారుచేసేటప్పుడు లెక్క సరిచూసిందేమో ఎక్కువగా లేత రంగు వేళ్ల మీద. ఫలితం ఏంటంటే, ముదురు రంగు వేలి మీద అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. మిషిగన్ డాక్టర్లు 2020 డిసెంబరులో రాసినదాంట్లో, యంత్రం 92 నుంచి 96 చూపించిన సమయాల్లో ధమని రక్తం తీసి చూస్తే అసలు ఆక్సిజన్ 88 కంటే తక్కువున్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. (వాళ్లు రంగు కొలవలేదు, జాతిని బట్టి మాత్రమే చూశారు. ఆ తేడా గుర్తుంచుకోవాలి.)

నైట్ షిఫ్టులో ఒక పెద్దాయన్ని చూశాను. బాగా ముదురు రంగు మనిషి. మానిటర్ మీద 95. కానీ పేరడిగితే ఇంటిపేరు దాకా రాకముందే ఆయాసం. మెడ దగ్గర కండరాలు లోపలికి పోతున్నాయి. అంకె బాగానే ఉంది కదా అని డ్యూటీ మార్చుకునేవాళ్లు వెళ్లిపోతున్నారు. మా సీనియర్, ఆవిడా నల్లజాతి మనిషే, తెరవైపు చూడనే లేదు. పెద్దాయన కింది పెదవి మెల్లిగా బయటికి మడిచి చిగుళ్లు చూపించింది. బూడిదరంగు. "మన రంగువాళ్లకి చర్మం మీద నీలం కనపడదు. చిగుళ్లు చూడు, గోళ్ల కింద చూడు, కంటి రెప్ప లోపల చూడు" అంది. "మన" అన్నప్పుడు నన్నూ కలిపే అంది, నేనూ నలుపే మరి. మణికట్టు దగ్గర రక్తం తీస్తే 86. అప్పటినుంచి నేను అంకెని మాత్రమే నమ్మి ఎవరినీ వదలను. ఇక్కడ మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2021 ఫిబ్రవరిలో హెచ్చరిక ఇచ్చింది. 2025 జనవరిలో, ఇలాంటి యంత్రాలని రకరకాల చర్మపు రంగులున్న ఎక్కువమంది మీద పరీక్షించాలని ముసాయిదా పెట్టింది. ఆ మధ్యలో ఎన్ని రాత్రులు పోయాయో ఆలోచించండి.

చివరగా శ్రీను గారూ, ఆవిడతో "మా దగ్గరా ఇంతే అండీ, ఫెయిర్‌నెస్ క్రీములు, పెళ్లిచూపులు" అని మొదలుపెట్టకండి. మనవాళ్లు చేసే మొదటి పని అదే. ఆవిడ తన కూతురి సంగతి చెబుతోంది, దాన్ని మన చెల్లి సంగతిగా మార్చేస్తే ఎలా?

న్యూజెర్సీ_మూర్తి:

పద్మమ్మా, బాగా చెప్పావు. నేనొకటి కలుపుతాను. నేను ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఒక స్టోర్‌లో రాత్రిపూట కౌంటర్ చూసేవాణ్ణి. 1994 జూన్, నల్లజాతి ఫుట్‌బాల్ స్టార్ ఓ.జె. సింప్సన్ మాజీ భార్య హత్య కేసులో అరెస్టయిన రోజులు. పత్రికల కట్టలు విప్పి ర్యాక్‌లో సర్దుతుంటే టైమ్, న్యూస్‌వీక్ పక్కపక్కన పడ్డాయి. రెండిట్లోనూ పోలీసులు తీసిన అదే ఫొటో. న్యూస్‌వీక్‌లో మనిషి మామూలుగా ఉన్నాడు. టైమ్‌లో మాత్రం ముఖం బాగా నల్లగా చేసి, చుట్టూ నీడలు పెట్టారు. పక్కన రెండోది లేకపోతే నేను గమనించేవాణ్ణే కాదు. కాఫీ కోసం వచ్చిన ఒక నల్లజాతి కస్టమర్ రెండూ చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, రెండూ కొనుక్కుని వెళ్లాడు. గొడవయ్యాక ఆ పత్రిక ఎడిటర్ సంజాయిషీ చెప్పుకున్నాడు. సరే, కానీ ఆ బొమ్మ తయారుచేసినవాళ్లకి నేరం భయంకరంగా కనిపించాలంటే మనిషిని నల్లగా చేయాలని ఎందుకు తట్టింది? బాబ్జీకి నా ప్రశ్న అది.

డాలస్_బాబ్జీ:

మూర్తి గారూ, అది నిజమే, ఆ రెండు కవర్లు ఇప్పుడే వెతికి చూశాను. బాగోలేదు. అయినా లేత రంగువాళ్లకి అంతా హాయి అన్నట్టు మాట్లాడటం కూడా కరెక్ట్ కాదని నా ఉద్దేశం.

వైజాగ్_సుమ:

బాబ్జీ గారి చివరి మాట మీద నాకు చెప్పాల్సింది ఉంది. మా ఆయన నల్లజాతి మనిషి, లేత రంగు. అత్తగారిది న్యూ ఓర్లీన్స్. మా పెళ్లికి మా అమ్మ ఒప్పుకోవడానికి ఆయన రంగు కూడా ఒక కారణమని నాకు తెలుసు, అందుకు నేనేం గర్వపడటం లేదు.

అత్తగారు చెబుతుంటారు, వాళ్ల నాయనమ్మ కాలంలో కొన్ని క్లబ్బుల గుమ్మం దగ్గర బ్రౌన్ రంగు కిరాణా కాగితపు సంచి పెట్టేవారట. చెయ్యి దాని పక్కన పెట్టాలి. సంచి కంటే ముదురుగా ఉంటే ఇంటికే. వాళ్ల నాయనమ్మని లోపలికి పంపించి, సొంత చెల్లెలిని బయట నిలబెట్టారు. ఆ అక్కచెల్లెళ్లు పోయేదాకా సరిగా మాట్లాడుకోలేదు. ఇప్పటికీ ఆ ఇంట్లో పిల్లలు ఎండలో ఆడుతుంటే ఎవరో ఒకరు లోపలికి రమ్మంటారు. అచ్చం మా అమ్మమ్మ గొంతే.

ఇక మా ఆయన సంగతి. కాలేజీలో "నువ్వు అసలు మనవాడివేనా" అని అడిగేవారట. ఏ విషయంలోనైనా గట్టిగా మాట్లాడితే "నీకేం తెలుసులే" అనేవారు. అది బాధే. అట్లాంటాలో ఒక కేసు నడిచింది. పన్నుల శాఖ ఆఫీసులో పనిచేసే ఒక లేత రంగు నల్లజాతి ఉద్యోగిని, ముదురు రంగున్న తన నల్లజాతి పై అధికారి, తన లేత రంగు వల్లే తనని తీసేయించిందని దావా వేసింది. ఇద్దరిదీ ఒకే జాతి అయితే ఇంక వివక్ష ఏంటని అవతలి పక్షం వాదన. 1964 పౌరహక్కుల చట్టంలో జాతి అని ఒక మాట, రంగు అని ఇంకో మాట విడివిడిగా ఉన్నాయి కాబట్టి కేసు నడవొచ్చని 1989లో కోర్టు అంది. తర్వాతి ఏడాది ఆవిడ ఓడిపోయింది, అది వేరే సంగతి. శ్రీను గారి ప్రశ్నకి చట్టం వైపునుంచి జవాబు ఇదే.

కానీ బాబ్జీ గారూ, రెండు బాధలనీ ఒకే తక్కెడలో వేయకండి. మా ఆయన్ని మాటలన్నారు. ఆయన తమ్ముడు ముదురు రంగు. ఇద్దరూ అదే కారు మార్చి మార్చి నడుపుతారు. పోలీసులు ఆపేది ఎవరినో మా ఇంట్లో అడగక్కర్లేదు. తాళాలు అందుకునేముందు తమ్ముడు లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితం తీసి సన్‌వైజర్‌కి క్లిప్ పెట్టుకుంటాడు. తర్వాత వెతుక్కుంటూ చెయ్యి కిందికి పోనివ్వకూడదని. మా ఆయనకి ఆ అలవాటే లేదు, గ్లవ్ బాక్స్‌లో ఏవేవో కుక్కి ఉంటాయి.

షార్లెట్_శ్రీను:

అందరికీ థాంక్స్. సుమ గారూ, ఆ సన్‌వైజర్ సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను. పద్మక్కా, ఇంకో ప్రశ్న. నిన్న ఆవిడే అడిగింది, స్కూల్‌కి ఎలా రాయాలి, రాస్తే ఉపయోగం ఉంటుందా అని. వాళ్లాయన వద్దంటున్నాడట. పిల్ల మీద ఇంకా పగబడతారని భయం.

అట్లాంటా_పద్మ:

ఆయన భయం అబద్ధం కాదు. రాయాలా వద్దా అన్నది వాళ్లిద్దరూ తేల్చుకోవాల్సింది, మీరు తోయకండి.

రాయాలనుకుంటే మాత్రం రంగు మాటతో మొదలుపెట్టొద్దని చెప్పండి. మొదటి మెయిల్‌లో ఆ మాట రాస్తే స్కూలు వెంటనే కవచం తొడుక్కుంటుంది. ముందు రికార్డులు అడగాలి. ఫెర్పా అని ఒక చట్టం ఉంది, తల్లిదండ్రులు అడిగితే పిల్లల రికార్డులు 45 రోజుల్లోపు చూపించాలి. ఇందులో ఆవిడకి మిగతా తల్లులకి లేని ఒక వెసులుబాటు ఉంది. మామూలుగా ఒక తల్లి "వేరే పిల్లకి మీరు ఇంత శిక్ష వేయలేదు కదా" అంటే, వేరే పిల్లల కాగితాలు చూపించం అని తలుపేస్తారు. ఇక్కడ ఇద్దరూ ఆవిడ పిల్లలే. రెండు ఫైళ్లూ అడిగే హక్కు ఉంది. అదే ఫోన్, అదే మాట, అదే స్కూలు నియమావళి. రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి, ఏ నియమం కింద ఇది సస్పెన్షన్ అయింది, ఏ నియమం కింద అది మెయిల్ అయింది అని అడిగితే చాలు. టీచర్లు వేరే అంటారు, పాత రికార్డు అంటారు. నిజమే అయితే అదీ ఆ కాగితాల్లోనే తేలుతుంది, బాబ్జీ గారి అనుమానమూ తీరుతుంది.

జవాబు సరిగా రాకపోతే విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేయొచ్చు. కేంద్రం డబ్బు తీసుకునే స్కూళ్లు జాతి, రంగు చూసి తేడా చేయకూడదని అదే 1964 చట్టంలో ఉంది. జరిగిన రోజునుంచి 180 రోజుల్లోపు పెట్టాలి. 2025లో ఆ కార్యాలయంలో మనుషుల్ని బాగా తగ్గించేశారు కాబట్టి త్వరగా తేలుతుందని ఆశ పెట్టొద్దు. కానీ ఆ 180 రోజుల గడువు మటుకు ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోమనండి. స్కూలు 45 రోజులూ సాగదీసినా ఇంకా టైముంటుంది.

షార్లెట్_శ్రీను:

రెండు ఫైళ్ల సంగతి ఆవిడకి తట్టలేదట. వాళ్లాయన శుక్రవారం ఇంటికొస్తాడు, మాట్లాడి చూస్తానంది. ప్రింటర్ మా ఇంట్లో ఉందని చెప్పాను.